జమాబందీలో ఏలియా

గురజాలకి ఆరు మైళ్ళ దూరంలోని ఓ ఊరి చివర పల్లెలో ఏలియాకి మాటకారి అని పేరు. ఆ పేరు ఊళ్ళో వచ్చింది కాదు, చర్చిలో వచ్చింది. ఊళ్ళో అతను నోరు విప్పే అవసరం ఎవరూ కలిగించలేదు. నాపరాయి కొట్టమంటే కొట్టాలి, మిరపకాయ కోయమంటే కోయాలి. ఆ పనులకి తల ఊపితే చాలు.

చర్చిలో మాత్రం ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరో ఒకరు లేచి సాక్ష్యం చెప్పాలి. దానికో వరస ఉంది. ముందు తన తప్పు దాచకుండా ఒప్పుకోవాలి, తర్వాత పడ్డ కష్టం చెప్పాలి, ఆ తర్వాత దేవుడు చేసిన మేలు, చివర్న కోరిక. తప్పు ఎంత బాహాటంగా ఒప్పుకుంటే వినేవాళ్ళు అంతగా నమ్ముతారు. ఒక్కో మాట దగ్గరా ఆమెన్ అంటారు. బడిమెట్టు ఎక్కని ఏలియా పది మందిలో నిలబడటం నేర్చుకుంది అక్కడే.

ఊరికి పడమటి రాళ్ళనేల యాభై రెండు కరువులో పల్లెవాళ్ళ చేతికొచ్చింది. పద్దెనిమిది కుటుంబాలు రాళ్ళేరి, తుమ్మ మొద్దులు పెకలించి, జొన్న వేసుకున్నాయి. తొమ్మిదేళ్ళు తిన్నాక ఆ నేల ఊరి పశువుల మేతకి వదిలిందని పెద్దరైతు శేషగిరిరావు అర్జీ పెట్టాడు. పల్లెవాళ్ళు తమకి పట్టాలు కావాలని ఇంకో అర్జీ పెట్టారు. ఆ నేల సర్వే నంబరుకి ఎదురుగా ఏం రాసుందో తెలీకుండా కరణం దస్తరాన్ని చెదలు తినేశాయి. బంజరైతే దున్నినవాళ్ళకి పట్టా ఇవ్వొచ్చు. మేతభూమైతే ఎవరికీ ఇవ్వడానికి వీల్లేదు. ఈ ఒక్క తేడా మీదే పద్దెనిమిది ఇళ్ళ కూడు ఆధారపడి ఉంది. ఆ మాట పల్లెకి వచ్చి చెప్పిన చదువుకున్నవాడు ఒక్కడూ లేడు.

అరవై ఒకటి ఫిబ్రవరిలో లెక్కలు చూడటానికి, అర్జీలు వినటానికి డిప్యూటీ కలెక్టరు జమాబందీకి వస్తాడని తెలిసింది. మాట్లాడేది ఏలియానే అని అందరూ అనుకున్నారు.

నలభై రోజులు తయారయ్యాడు. పొద్దున్నే పిట్టల్ని తోలటానికి మంచె ఎక్కి, జొన్నకంకుల వైపు తిరిగి మొత్తం చెప్పేవాడు. భార్య కరుణమ్మ చేను చివర నిలబడి, మాట అందకపోతే చెయ్యెత్తేది. మధ్యలో ఎవరైనా అదిలిస్తే తడబడకుండా ఉండాలని పక్కింటి మేరీని తిట్టమన్నాడు.

"ఏందిరా నీ కూతలు? దిగు కిందికి" అని మేరీ గట్టిగా అదిలించింది.

ఏలియా ఆగలేదు. చెప్పేది చెప్పుకుపోయాడు.

"ఓసి కరుణా, నీ మొగుడు నా మాట లెక్కచెయ్యడంలేదే" అని మేరీ నవ్వింది.

"నా మాట ఏనాడు లెక్కచేశాడు గనక" అంది కరుణమ్మ.

ఒక్క ఇన్నయ్య మాత్రం అడ్డం చెప్పాడు. నరసరావుపేట కోర్టు దగ్గర కొన్నాళ్ళు కాఫీ హోటల్లో పనిచేసి వచ్చినవాడు. పల్లెలో కతోలిక ఇల్లు అతనిదొక్కటే.

"ఒరేయ్ ఏలియా, పశువుల సంగతి నువ్వెందుకు ఎత్తటం? దొర అడిగితే అప్పుడు చూసుకోవచ్చు."

"మీరు పాపాలు ఫాదరు గారి చెవిలో ఊదుకునేవాళ్ళు మామా. పదిమందిలో చెప్పుకునే అలవాటు మాది" అన్నాడు ఏలియా. అందరూ నవ్వారు. ఇన్నయ్య చుట్ట వెలిగించుకుని లేచిపోయాడు.

జమాబందీ బడి వరండాలో జరిగింది. శేషగిరిరావు బల్లకి పక్కనే కుర్చీలో కూర్చున్నాడు. పల్లెవాళ్ళు ఎండలో నేలమీద కూర్చున్నారు. పేరు పిలవగానే ఏలియా లేచాడు.

"అయ్యా, ముందు మా తప్పు ఒప్పుకుంటున్నాం. అది ఊరి పశువులు మేసే బీడు. అది మాకు తెలుసు. కరువులో పిల్లలు ఆకలికి తాళలేకపోతే, తెల్లారకముందే పశువుల్ని అదిలించి, నాగలి కట్టాం."

"ఆమెన్" అన్నారు వెనక పద్దెనిమిది కుటుంబాలవాళ్ళు.

అధికారి కాగితాల్లోంచి తల ఎత్తాడు. "పశువులు మేసే బీడని మీ అందరికీ తెలుసా?"

"తెలుసయ్యా" అన్నాడు ఏలియా.

"ఆమెన్" అన్నారు ఆడవాళ్ళు కూడా.

అధికారి గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా రాశాడు. రాసిన ముక్క మీద అధికారి సంతకం చేస్తుంటే ఏలియా కరువు సంగతి చెబుతున్నాడు. తర్వాతి అర్జీ కట్ట విప్పుతుంటే, ఏరిన రాళ్ళని గట్లుగా ఎట్లా పేర్చారో చెబుతున్నాడు. నలభై రోజులు సాధన చేసినవాడు. ఎవరూ వినకపోయినా తడబడలేదు. చివరి కోరిక దాకా ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పి చేతులు జోడించాడు.

"బాగా మాట్లాడావు. నువ్వు చెప్పకపోతే ఇది తేల్చటం నాకు కష్టమయ్యేది" అన్నాడు అధికారి. ఆ మాటలో వెటకారం లేదు.

పల్లెవాళ్ళు గెలిచామనుకుని ఇంటికి నడిచారు. దారిలో మేరీ పాట కూడా ఎత్తుకుంది.

మూడు వారాలకి ఉత్తర్వు వచ్చింది. కరణం చదివి వినిపించాడు. అది మేతభూమేనని దున్నుకున్నవాళ్ళే అందరి ఎదుటా ఒప్పుకున్నారు కనుక ఖాళీ చెయ్యాలి. అప్పటికి కంకి గింజ గట్టిపడుతోంది. మర్నాడు పగలే ఊరి పశువుల్ని చేలోకి తోలారు. కరుణమ్మ చేతికందిన కంకులు విరిచి కొంగులో వేసుకుంది. శేషగిరిరావు జీతగాడు ఆ కొంగు విప్పించి కంకులు పశువుల ముందు పోయించాడు.

ఏలియాని ఎవరూ ఒక్క మాట అనలేదు. అనటానికి ఎవరికీ నోరు లేదు. అందరూ ఆమెన్ అన్నవాళ్ళే. ఎవరన్నా తిడితే బాగుండునని అతను ఇంటి ముందు అరుగుమీద చాలా రోజులు కూర్చున్నాడు. తిట్టటానికి ఎవరూ రాలేదు. ఏడాది తిరిగేసరికి నాలుగు కుటుంబాలు కృష్ణ దాటి నల్లగొండ వైపు కూలికి వెళ్ళిపోయాయి.

ఆ తర్వాతి ఎండాకాలం ఆ నేల చుట్టూ హద్దురాళ్ళు పాతించాలని ఊరివాళ్ళు అనుకున్నారు. రాయి పని తెలిసినవాడు ఏలియానే గనక జీతగాడు గుమ్మం ముందుకొచ్చి పిలిచాడు.

"పోతావా?" అంది కరుణమ్మ.

ఏలియా తల ఊపాడు. గునపం తీసుకుని జీతగాడి వెనక నడిచాడు.