అమ్మోరు నన్ను పూనిన రెండేండ్లు

ఆషాఢం ఆదివారం పొద్దున ఊదు పొగ, తడి వేపమండలు, గుడిమల్కాపూర్ నుంచి గోనెసంచుల్లో దిగిన బంతిపూలు అన్నీ కలిసి వాసన కొట్టంగనే, నా ఛాతీలో పెట్టిన లోహపు కవాటం టిక్కుటిక్కుమనుడు ఇంకింత గట్టిగ వినిపిస్తది. ఛత్రినాక బస్తీల మా గల్లీకి ఒకప్పుడు నాలుగేండ్లు నేనే అమ్మోరిని. నాలుగు కాదులెండి, రెండు. అదీ ఏడాదికి పావుగంట.

అప్పుడు నాకు తొమ్మిదేండ్లు. నాయనమ్మ బోనం కుండకు పసుపు రాసి సున్నపు బొట్లు పెడుతుంటే పక్కన కూసోని బెల్లం నాకుడు, డప్పు మోగంగనే చెప్పుల్లేకుండ ఉరుకుడు. పోతరాజు ముందట గంటసేపు ఎగిరిన అని దోస్తులకు చెప్పేటోణ్ణి గానీ, నాలుగు గంతులకే కండ్లు చీకట్లు కమ్మి దబ్బున పడ్డ. తెలివొచ్చేసరికి కాళ్ల మీద పసుపు నీళ్లు, నెత్తి మీద వేపమండ. రోజూ చెవి మెలిపెట్టే బాపు చేతులు జోడించి, "తల్లీ, ఏం తప్పు జేసినమో చెప్పు" అంటున్నడు. నిజం చెప్తే తంతడని అమ్మోరు పూనినట్టే ఊగిన. ఆ పూట మేక కార్జమంత నా గిన్నెలకే వచ్చింది.

మెట్లెక్కినా, ధూల్‌పేట్‌ల పతంగి వెంట ఉరికినా గట్లనే అయ్యేది. ఎవ్వరికీ చెప్పలే. చెప్తే అమ్మోరి పదవి పోదా?

మరుసటేడు మళ్లీ పడ్డ. ఈసారి తొందరగ లేవలే. అందరూ దండాలు పెడుతుంటే నాయనమ్మ ఒక్కతే వంగి నా ఛాతీకి చెవి ఆనించింది.

"అమ్మోరు లేదు, గిమ్మోరు లేదు! పోరని పెదవులు నల్లవడ్డయి, లోపట గుర్రుమంటుంది. రిక్షా పిలువుర్రి!" అని లొల్లి పెట్టింది.

గుండె నుంచి రక్తం ఒంట్లకు పోయే తలుపుకు మూడు రెక్కలుండాలె, వీనికి పుట్టుకతోనే రెండున్నయి, అవీ సరిగ తెరుచుకుంటలేవు, ఇంకోసారి గిట్ల ఎగిరితే లేవకపోవచ్చన్నడు డాక్టరు. పెద్దయినంక ఛాతీ కోసి ఈ లోహపుది పెట్టిండ్రు.

ఇప్పుడు నాయనమ్మ లేదు, రిక్షాల్లేవు, డప్పును డీజే మింగేసింది. పోయినేడు ఆ డీజే ముందట ఎగిరిన మనుమరాలు అరుగు మీదికొచ్చి కూలబడి, "తాతా, కండ్లు తిరుగుతున్నయి, ఎవ్వరికీ చెప్పకు" అన్నది. గల్లీ అంతటికీ వినపడేటట్టు చెప్పిన. పరీక్ష చేస్తే దానికీ రెండే రెక్కలు. "గుట్టు బయటపెట్టినవ్" అని వారం రోజులు నాతోని మాట్లాడలే. దాని జబ్బు నేనే కనిపెట్టిన అని అందరి దగ్గర గొప్పలు పోతుంట. నేను చేసింది ఇంతే, ఆ రోజు నాయనమ్మ లెక్కనే వంగి దాని ఛాతీకి చెవి ఆనించిన.

బయట బోనాలు కదిలినయి. నేను, మనుమరాలు ఇద్దరం అరుగు మీదనే కూసున్నం. కాళ్లు మాత్రం దరువుకు ఆగుతలేవు.