కురిడీ చప్పుడు

ఆవిడ పేరు నేను అడగలేదు. కొత్తపేట బస్సులో నా పక్కన కూర్చుంది. ఒళ్లో ఒకే ఒక్క కొబ్బరికాయ.

"ఇలాంటివి వంద కాయలు అటక మీద పెట్టి కువైట్ ఎల్లేరండీ మా ఆయన. ఇవి కురిడీలయ్యేలోపు వచ్చేస్తాను, వచ్చేకే నూనె ఆడిద్దామన్నారు. మూడు నెలల నుంచీ ఫోను కలవట్లేదండీ."

ఏడాదిపాటు అటక మీదున్న కాయలో నీళ్లింకి, ఎండిన కొబ్బరి పెంకును వదిలేస్తే అదే కురిడీ. ఊపితే లోపల లొడలొడమంటుంది.

ఆ కాయను నా చెవి దగ్గర ఊపింది.

"నా చెవుల్ని నేను నమ్మలేకపోతున్నానండీ. ఇంకా అవలేదు కదండీ?"

లొడలొడమంది.

"లేదండీ" అన్నాను.

"ఆయ్" అంది. ఆ తర్వాత అమలాపురం దాకా, గతుకు వచ్చినప్పుడల్లా, కాయ కదలకుండా రెండు చేతులతో అదిమి పట్టుకుంది.