కుల్ఫీ కుండ, కోట మిట్ట

జమ్మలమడుగులో కుల్ఫీ జిలానీ అంటే అందరికీ తెలుసు. ఆదివారం వచ్చిందంటే సైకిలు వెనక కుల్ఫీ కుండ కట్టుకుని గండికోట మిట్ట ఎక్కేవాడు. వారమంతా ఊళ్లో అమ్మినా, ఇల్లు గడిచేది కోట చూడటానికి వచ్చేవాళ్ల వల్లనే. ఆటో బాడుగ ఇచ్చుకుంటే మిగిలేది ఏమీ లేదు. మిట్ట మీద కాలు కింద పెట్టకుండా ఎక్కడం ఆయనకు పౌరుషం. నేరుగా ఎక్కలేని చోట రోడ్డుకు అడ్డంగా, ఈ అంచు నుంచి ఆ అంచుకు తొక్కేవాడు. దారి పెరిగినా కాలి మీద బరువు తగ్గేది.

ఈ వేసవిలో ఒకనాడు మిట్ట మధ్యలో ఛాతీ పట్టేసింది, అయినా కాలు కింద పెట్టలేదు. ప్రొద్దుటూరు డాక్టరమ్మ పరీక్షలు చూసి చెప్పింది. "మిట్ట మానుకో. మానలేనంటే ఆయాసం రాకుండా నిదానంగానైనా పో." జిలానీ రెండో మాటనే చెవిన పెట్టుకున్నాడు.

నేరుగా సైకిలు షాపు హబీబుల్లా దగ్గరికి పోయాడు. వెనక చక్రానికి పళ్లు ఎక్కువున్న ఫ్రీవీలు వేయించాడు. హబీబుల్లా చైనుకు లింకులు అతికించి, పెడలు తిప్పి చూశాడు.

"కాలికి తేలిగ్గా ఉంటాది మామా. గానీ ఎక్కువసార్లు తొక్కాల. ఫ్రీవీలు మారిస్తే కొండ పొట్టిదైపోదు."

"నీ కూతలు చాలుగానీ, చైనుకు నూనె పెట్టు."

"చైనుకు పెడతాలే. నీ మోకాళ్లకు యాడ పెట్టాల?"

ఇద్దరూ నవ్వుకున్నారు. హబీబుల్లా చెప్పింది మాత్రం నిజం. కొండ ఎత్తు మారదు. ఎంత బరువును ఎంత ఎత్తుకు చేర్చాలన్నదే పని. కొత్త ఫ్రీవీలు కాలు పెట్టాల్సిన బలాన్ని తగ్గిస్తుంది, పనిని తగ్గించదు. అదే పనిని తొందరగా ముగించాలంటే ఎక్కువ సామర్థ్యం కావాలి, అప్పుడే గుండె మీద భారం పడుతుంది. నిదానంగా ఎక్కితే గుండెకు ఊరట. కానీ ఐసు నిదానాన్ని ఓర్చుకోదు.

ఆ సంగతి భార్య జైబున్నీసాకు తెలుసు. పాలు కాచి, రేకు గొట్టాల్లో పోసి, ఐసూ ఉప్పూ కుండలో కూరేది ఆమే.

"నిదానంగా పోతే ఐసు ఆడిదాకా నిలవదు," అంది.

"ఇంకో గడ్డ ఎయ్."

"శానా బరువైతాది గదా?"

"కాలికి తెలీదులే. ఫ్రీవీలు మార్పిచ్చినా గదా."

ఆ మాటలోనే తప్పు జరిగిపోయింది. నిదానం కోసం ఐసు పెంచాడు, ఐసుతో బరువు పెరిగింది, బరువుతో పని పెరిగింది.

ఆదివారం మొదట్లో హాయిగానే తొక్కాడు. మిట్ట మొదలయ్యాక కాళ్లు ఊరికే తిరుగుతున్నాయి, సైకిలు మాత్రం పెద్దగా ముందుకు జరగడం లేదు. సగం దూరంలో ఎడమ చెయ్యి లాగింది. జిలానీ జీవితంలో మొదటిసారి ఆ రోడ్డు మీద దిగాడు. సైకిలును నెట్టుకుంటూ, నాలుగడుగులకోసారి ఆగుతూ నడిచాడు. కార్లు పక్కనుంచి పోతున్నాయి. కుండ అడుగు నుంచి ఉప్పునీళ్లు కారి తారు మీద గీతలా పడ్డాయి.

పైకి చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. కారు దిగిన ఒక అమ్మాయి అడిగింది.

"తాతా, కుల్ఫీ ఉందా?"

మూత తీశాడు. గొట్టాన్ని ఊపితే లోపల పాలు కదిలాయి. మెత్తబడిన కుల్ఫీ ఆయన ఏనాడూ అమ్మలేదు.

"అయిపాయ తల్లీ."

ఆమె పోయాక ఒక్కో గొట్టం విప్పి, బండ చాటున పాలన్నీ పారబోశాడు. చీమలు అప్పుడే దారి పట్టాయి.

దిగేటప్పుడు తొక్కే పనే లేదు. పొద్దుటినుంచి ఒళ్లు హూనం చేసుకుని ఎక్కించిన శక్తంతా సైకిలుకు తిరిగొచ్చి, తనంతట తానే ఉరుకుతోంది. దానితో జిలానీకి ఒరిగేదేమీ లేదు. బ్రేకులు పట్టి ఆపుకుంటూ వచ్చాడు. రబ్బరు కాలిన వాసన ఊరిదాకా వెంటపడింది.

ఇంటి ముందు జైబున్నీసా కుండ ఎత్తింది. తేలిగ్గా లేచేసరికి మొహం విచ్చుకుంది.

"అన్నీ పోయినాయా?"

"పోయినాయి."

"ఐసు పెంచింది మంచిదాయ! వచ్చే వారం ఇంకా రెండు లీటర్లు ఎక్కువ కాస్తా."

జిలానీ అరుగు మీద కూర్చుని చెప్పులు విడిచాడు.

"వద్దులే. కోటకు ఇంక పోను. ఈడనే, బస్టాండుకాడ నిలబడతా."

ఆమె కుండ దించి, అప్పుడు ఆయన మొహంలోకి చూసింది.