కంచెకు ఎటువైపు పుట్టావు

మా తింత్స్వాలో చచ్చినా అబద్ధం ఆడదు. అందుకే ఆ రోజు జరిగింది నేనిప్పటికీ మరిచిపోలేను.

గియాని పట్నం దాటాక, సింహాల అడవి కంచె పక్కనే ఉంటుంది మా ఊరు; ఆ అడవికి అవతల మొజాంబిక్ దేశం. చర్చి వెనక రేకుల షెడ్డులో ముసలమ్మలకు మధ్యాహ్నం భోజనం పెట్టే సంఘం ఆమెది. వంట నాది. మొక్కజొన్న సంకటి మాడితే తిట్టేది ఆమె, పలచబడితే తిట్టేది ముసలమ్మలు. వాళ్ళలో ఆమె కన్నతల్లి మిసావేనీ అవ్వ నోరే పెద్దది.

పిండికీ గ్యాసుకీ డబ్బు గని కంపెనీది. ఊరికే ఇస్తుందా? అణగారిన నల్లవాళ్ళకు సాయపడితే ప్రభుత్వం దగ్గర దానికి మార్కులు పడతాయి. తినేవాళ్ళలో ముప్పాతిక మంది నల్లవాళ్ళేనని తింత్స్వాలో ఏటా పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి, కుడిచెయ్యి ఎత్తి దేవుడి మీద ప్రమాణం చేసి రావాలి. ముప్పాతికేమిటి, అందరూ నల్లవాళ్ళేనని రాయించేది. మా ఊళ్ళో తెల్లగా ఉండేది సంకటి ఒక్కటే మరి.

ఈసారి కంపెనీ తనిఖీకి ఒక అమ్మాయిని పంపింది. మావాళ్ళ పిల్లే, మర్యాదస్తురాలు. వేరుశెనగ పొడి వేసిన ఆకుకూర రెండుసార్లు వడ్డించుకుని, చెయ్యి కడుక్కున్నాక మెల్లగా చెప్పింది. ఈ చట్టంలో నల్లవాళ్ళంటే పుట్టుకతో ఈ దేశస్థులు, లేదా తెల్లవాళ్ళ పాలన పోయి మనవాళ్ళంతా మొదటిసారి ఓటేసిన రోజుకు ముందే పౌరసత్వం దొరికినవాళ్ళు. మొజాంబిక్ యుద్ధానికి భయపడి కంచె దాటి వచ్చి, ఆ తర్వాతెప్పుడో కాగితాలు తెచ్చుకున్నవాళ్ళు లెక్కలోకి రారట.

"అయితే వాళ్ళేంటమ్మా, ఆకుపచ్చా?" అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు.

తింత్స్వాలో బెంచీ మీద కూలబడింది. ఇన్నేళ్ళూ దేవుడి మీద ఒట్టేసి తప్పు చెప్పానా అని ఆమె బాధ. ముప్పాతికకు తగ్గితే పొయ్యి ఆరిపోతుందని నా బాధ. అవసరమైతే అవతలివాళ్ళను కొందరిని రావద్దనండి అని సలహా ఇచ్చి వెళ్ళిపోయింది ఆ పిల్ల. నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు ముసలమ్మలందరూ వచ్చాక తింత్స్వాలో విషయమంతా చెప్పింది. ఎవరికీ కంచం తీయనని ముందే మాటిచ్చింది. కంచెకు ఇవతల పుట్టినవాళ్ళు గోడ వైపు, అవతల పుట్టినవాళ్ళు పొయ్యి వైపు కూర్చోండి, నిజం తెలిస్తే చాలంది. లేచారు, సర్దుకున్నారు. నేను గరిట పట్టుకునే లెక్కపెట్టాను. ముప్పాతికకు సరిగ్గా సరిపోయింది. ఒక్కరు తగ్గినా గోవిందా. హమ్మయ్య, బతికిపోయాం అనుకున్నాను.

అప్పుడు మిసావేనీ అవ్వ గోడ దగ్గర్నుంచి లేచింది. కంచం పట్టుకుని పొయ్యి వైపు నడవసాగింది.

"అమ్మా, నీ చోటు ఇటు కదే," అంది తింత్స్వాలో.

"కాదు తల్లీ. అటే."

ఎప్పుడూ అరిచే అవ్వ ఆ రోజు గొంతు తగ్గించి చెప్పింది. ఆ రోజుల్లో కాగితం లేనివాళ్ళు దొరికితే పోలీసులు లారీ ఎక్కించి కంచె అవతల దింపి వచ్చేవాళ్ళట. తనను చేరదీసి పెళ్ళాడిన మనిషి, ఇక్కడే పుట్టిందని కాగితాల్లో రాయించి, నోరెత్తొద్దన్నాడట. ఆయన పోయినా ఆ భయం పోలేదట.

తింత్స్వాలో జేబులో ఉన్న గుర్తింపు కార్డు మీద పుట్టిన దేశం ఇదే అని ఉంది. ఆమె చెయ్యి జేబు మీదికి పోయింది.

"మరి నేనో?"

"నువ్వు నా వీపు మీదున్నావమ్మా. నీ ఏడుపు సింహాలకు వినపడుతుందని నోట్లో గుడ్డ కుక్కాను."

నలభై ఏళ్ళ మనిషి, సంఘం పెద్ద, పసిపిల్లలా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. నాకు ఏడుపు ఆగలేదు.

చివరికి చెయ్యి తీసింది. రేపు స్టేషన్‌కు వెళ్ళి ఉన్నదున్నట్టు చెబుతానంది, తన సంగతితో సహా. అంటే గని డబ్బు ఇక రాదు. నేను వద్దని బతిమాలలేదు, బతిమాలినా వినేది కాదు.

ఈ గొడవలో సంకటి అడుగంటింది. తింత్స్వాలో కంచం తెచ్చుకుని పొయ్యి వైపు, తల్లి పక్కన కూర్చుంది. నేను మాడిన సంకటే పెట్టాను. ఆమె తిట్టలేదు.