ముందు లోపం చెప్పాలి

తాలిన్ నగరంలో రైలు స్టేషన్ వెనకాల ఆ ఎర్ర ఇటుకల భవనంలోకి అడుగుపెడితే లైనెకి ఇప్పటికీ టంకం వాసనే తగులుతుంది. అది రేడియోల కర్మాగారంగా ఉన్న రోజుల్లో ఆమె అక్కడ పందొమ్మిదేళ్లు టంకం పెట్టింది. దేశం స్వతంత్రమైంది, కర్మాగారం మూతపడింది. మళ్లీ తలుపులు తెరిచేసరికి అది స్టార్టప్‌ల కేంద్రమైంది. లైనెకి దక్కింది వచ్చినవాళ్ల చలికోట్లు తీసుకుని చీటీలిచ్చే గదిలో పని.

ఆ గదిలోనే కేర్టు పరిచయమైంది. తేనెటీగల పెట్టె ఎలా ఉందో దూరం నుంచే చెప్పే పరికరం చేస్తున్న పిల్ల. తీగలు ఊడినప్పుడల్లా లైనె టంకంతో అతికించి పెట్టేది.

"వస్తువు చేతికిచ్చేటప్పుడు ముందు లోపం చెప్పాలే పిల్లా. మా బల్లల దగ్గర రివాజు అది."

"పెట్టుబడి వస్తే ఆ బల్లలు మళ్లీ వేయిస్తా పిన్నీ. మొదటి కుర్చీ నీదే."

ఆ మాట పట్టుకునే లైనె ఆ చలికాలం గడిపింది.

లండన్ నుంచి పెట్టుబడిదారు వచ్చాడు. ఆయన ఎంత పెడితే ప్రభుత్వ నిధి అంత కలుపుతుంది. ఆయన కాదంటే రెండూ లేవు. ఆయన ముందు తమ పరికరాల గురించి మొదట మాట్లాడిన కుర్రాళ్లు మాటల్లోనే ప్రపంచాన్ని మార్చేశారు. కేర్టు లేచి, "గడ్డకట్టే చలిలో ఇది ఆగిపోతుంది. వానలో తప్పు చెబుతుంది," అని మొదలుపెట్టింది. ఆయన మధ్యలోనే లేచొచ్చి లైనె ముందు కోటు చీటీ చాపాడు.

తెరిచిన తలుపులోంచి అంతా విన్న లైనె కోటు ఇవ్వలేదు. వెనకే పరుగెత్తుకొచ్చిన కేర్టుతో అంది: "నా మాట ఆయన భాషలో చెప్పు. అయ్యా, ఈ పిల్ల రెండు లోపాలు చెప్పింది. మిగతావాళ్లు ఎన్ని దాచారో అడిగారా?"

"పిన్నీ, నా పరువు తీయకు!"

"చెప్పవే!"

చెప్పింది. ఆయన చీటీ జేబులో పెట్టుకుని మళ్లీ లోపలికి నడిచాడు.

పెట్టుబడి వచ్చింది, ఆ వేసవికి ఆరు బల్లలు పడ్డాయి. పాత స్నేహితురాళ్లు అయిదుగురు కళ్లద్దాలు మార్పించుకుని వచ్చారు. మధ్యాహ్నం నల్లరొట్టె మీద ఉప్పుచేప పెట్టుకుని, ఎప్పుడో పోయిన ఫోర్‌మన్‌ని తిట్టుకుంటూ తిన్న ఆ నాలుగేళ్లు మళ్లీ రాలేదు.

అయిదో ఏడు కేర్టు ఆమె బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"ముందు లోపం చెబుతా పిన్నీ. పెట్టుబడి పెట్టినవాళ్లు తయారీని చవక కూలి దొరికే దేశానికి పంపేస్తున్నారు. వాటాదారుల ఓటింగులో ఓడిపోయాను."

"తర్వాతది చెప్పు."

"తర్వాత ఏమీ లేదు."

ఇవాళ ఆ భవనంలో ఒక గోడ నిండా, దేశాన్ని నిలబెట్టారంటూ, కంపెనీల వ్యవస్థాపకుల ఫొటోలు. టంకం పెట్టిన ఆరుగురిలో ఒక్కరి ముఖమూ లేదు. ఎవరో ఎంచి మరీ వదిలేశారు. లైనె వాటి వంక చూడదు. తను కూర్చుని పనిచేసిన కిటికీ కింద, బల్ల కాళ్లు బిగించిన నాలుగు చిల్లులు నేలలో ఇంకా పూడ్చలేదు. బూటు కొసతో వాటిని ఒకసారి తడిమి వచ్చేస్తుంది.