నడవ దాటి వచ్చే ఆరోగ్యమ్మ అక్క

మా వీధిలో ఇస్త్రీ బండి ఆగింది. తడి నూలుగుడ్డ మీద వేడి పెట్టె పడిన వాసన కిటికీలోంచి రాగానే ఆరోగ్యమ్మ అక్క గుర్తొచ్చింది. ఒర్లియంపేటలో తన ఇంటి ముందుగదిలో ఆమె చర్చిలకు పీఠం మీద పరిచే గుడ్డలు కుట్టించేది. పద్దెనిమిదో ఏట నేను ఆమె దగ్గర పనికి చేరాను. చేయి ఎంత నెమ్మదో నోరు అంత గయ్యాళి. ఒక్క కుట్టు వంకరపోతే చాలు, మా ఏడు తరాలనూ దులిపేసేది.

ఆ నోటికి ఆదివారం శిక్ష ఉండేది. చర్చి పూజలో ప్రసాదానికి ముందు పక్కవాళ్ళకు చేతులు జోడించి శాంతి చెప్పుకుంటాం కదా, అక్క మాత్రం తన బల్ల వదిలి, అందరూ చూస్తుండగా బల్లల మధ్య నడవ దాటి, ఆ వారం తాను తిట్టిన పిల్ల ముందుకొచ్చి దండం పెట్టేది. "ఈ వారం ఎవరి వంతు?" అని మేం చెవులు కొరుక్కునేవాళ్ళం. సోమవారం మళ్ళీ తిట్లు మామూలే.

ఒకసారి ఈస్టర్‌ గుడ్డను ఇస్త్రీ చేస్తూ నేను కిటికీ దగ్గర కబుర్లలో పడ్డాను. మాడు వాసనకు పరుగెత్తుకొచ్చి పెట్టె ఎత్తింది సెల్వి, నాతో పనిచేసే, నోట్లో నాలుక లేని పిల్ల. అక్క వచ్చేసరికి పెట్టె సెల్వి చేతిలోనే ఉంది.

"ఎవురే ఇది చేసింది?"

"సెల్వి" అన్నాను. అంత సులువుగా ఎలా అన్నానో, ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. అక్క తిట్లకు సెల్వి ఏడ్చింది గానీ నా పేరెత్తలేదు.

ఆ ఆదివారం అక్క సెల్వికి దండం పెడుతుంటే నేను అటు చూడలేకపోయాను. ప్రసాదానికి లేవలేదు. ఆ తర్వాతి ఆదివారాలు తలనొప్పి వంకతో ఇంట్లోనే ఉండిపోయాను. ఈస్టర్ కూడా అలాగే గడిచింది. నాలాంటి దానికి దేవుడెందుకు అనిపించింది. చివరికి చర్చికి ఎందుకు రావడం లేదని అక్క నిలదీస్తే ఉన్నదంతా కక్కేశాను.

అబ్బ, ఆ తిట్లు! వీధి వీధంతా విన్నది. సెల్వి తప్పేం లేదని గదిలో అందరి ముందూ నాచేతే చెప్పించింది. "ఇంక నాకు కోవిలుకొచ్చే మొహం లేదక్కా" అన్నాను.

"మొహం ఎవురికుండాదిమే? నాకుండాదా?" అంది, ఇంకా రొప్పుతూనే. "ఇరవై ఏండ్లుగా అదే నోరు, అదే దండం. మారినానా? బాగయినాక పోదామని కూసుంటే సచ్చేదాకా వాకిలి దాటను. ఏసుసామికి నా సంగతి తెలీదా ఏంది? తెలిసే పిలస్తా ఉండాడు. నువ్వు రా."

వెళ్ళాను. శాంతి చెప్పుకునే వేళ నేను లేచేసరికి, నన్ను తిట్టినందుకు అక్క నావైపే వచ్చేస్తోంది. నడవ మధ్యలో ఎదురుపడ్డాం. "నా దండం తర్వాత. ముందు ఆ పిల్ల కాడికి పో" అని అక్కడ కూడా గదమాయించింది. సెల్వి నన్ను చూసి మొహం తిప్పుకుంది. మరుసటి ఆదివారమూ అంతే. "పోతా ఉండు" అంది అక్క. ఐదో ఆదివారం సెల్వి చేతులు జోడించింది.

అక్క పోయి చాలా ఏళ్ళయింది. చివరి రోజున కూడా సూది గుచ్చిన నర్సమ్మను తిట్టి, ఆమెను మళ్ళీ పిలుచుకు రమ్మని నన్ను తరిమింది. నేనూ పెద్దగా మారలేదు. చిక్కు వస్తే నా నోట అబద్ధమే ముందు తయారు. మొన్న పొయ్యి మీద పాలు పొంగిపోనిచ్చింది నేను, మా అబ్బాయికి చెప్పింది కోడలి పేరు. కాసేపటికి ఉండబట్టలేక ఆమె దగ్గరికి పోయి ఒప్పుకున్నాను.

"నేను చూస్తానే ఉంటి గదత్తా" అని నవ్వింది.

సిగ్గుతో మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆదివారం ఆ సిగ్గుతోనే లేచి వెళ్ళి ప్రసాదం పుచ్చుకున్నాను.