రెండో సీసా

నేను బ్రాందీ తాగాను. పురోహితుల ఇంటి కోడల్ని, ఉల్లిపాయ కూడా ఆలోచించి తినే ఇల్లు, అయినా తాగాను. మందుగానే తాగానని ఇప్పుడు చెబితే మా పిల్లలు నవ్వుతారు. తాగినందుకు నాకు సిగ్గు లేదు. సిగ్గంతా ఆ సీసాలు మా ఇంటికొచ్చిన తీరు తలుచుకుంటేనే.

ఎనభైల మొదట్లో సంగతి. ప్రత్తిపాడు దగ్గర పల్లె మాది. నా పెళ్ళికి ముందే మా అమ్మ పోయింది, అందుకని తొలి కానుపు అత్తగారింట్లోనే జరిగింది. ఆడపిల్ల. పుష్యమాసపు చలి, దానికి తోడు ఊరి చుట్టూ కల్లాల్లో ఎండుమిరపకాయల ఘాటు. తుమ్మినప్పుడల్లా పేగులు కదిలిపోయేవి. మూడోరోజుకి ఒళ్ళంతా వణుకు పట్టుకుంది. అత్తగారు నా చెవుల్లో దూది కూరి, తలకి గుడ్డ కట్టి, మంచం పక్కన కుంపటి పెట్టారు. వణుకు తగ్గలేదు. మంత్రసాని నా పాదాలు పట్టి చూసి, "శీతం చేసిందమ్మా. పూటకి రెండు చెంచాల బ్రాందీ వేడినీళ్ళలో కలిపి పట్టించండి. మా ఇళ్ళల్లో బాలింతలందరికీ అదే" అంది.

అత్తగారు "రామ రామ" అని చెవులు మూసుకున్నారు. మూసుకున్న చెవులతోనే "ఎన్నాళ్ళు పట్టించాలే?" అని అడిగారు. మామగారు పంచాంగంలోంచి తలెత్తకుండా, "ఔషధానికి దోషం లేదు. కాకపోతే ఊళ్ళో తెలియక్కర్లేదు" అన్నారు. ఆ రెండో ముక్కే కొంప ముంచింది. మా కొంప కాదు లెండి, ఇంకొకరి కొంప.

మా పెరటిగోడ అవతల పరుపులు కుట్టే సాయిబు ఉండేవాడు. వారానికోసారి చిలకలూరిపేట వెళ్ళి మిల్లుల దగ్గర దూది మూట కట్టించుకుని బస్సులో వచ్చేవాడు. నా చెవుల్లో దూది, నా బిడ్డ కింద బొంత, రెండూ అతని చేతివే. మైకు లేని మా ఊరి చిన్న మసీదులో ఐదుపూటలా అజాన్ ఇచ్చేది కూడా అతనే. గొంతు కాస్త బొంగురు. ఆ పిలుపు వినే మా అత్తగారు పొద్దున్నే పొయ్యి వెలిగించేవారు. సారా కొట్టున్న వీధిలోకి పోకుండా ఊరంతా చుట్టి వెళ్ళే మనిషి. అలాంటి మనిషిని అడిగారు అత్తగారు, గోడమీదుగా.

"నేనా అమ్మగారూ?" అన్నాడు. చేతికంటిన దూది దులుపుకున్నాడు. "పచ్చి బాలింత కోసం కదా. తెస్తాలెండి" అన్నాడు.

దూది మూటలో దాచి తెచ్చాడు. బస్సు దిగేటప్పుడు ఎవరో సాయం చేద్దామని మూట అందుకుంటే, సీసా జారి టీకొట్టు ముందు దొర్లిందట. పగిలినా బాగుండేది. చుట్టూ దూది అంటుకుని ఉండబట్టి పగల్లేదు. జనం నవ్వారట. అతను సీసా తీసుకుని, మా పెరటి గుమ్మంలో ఇచ్చేసి వెళ్ళిపోయాడు. రెండు రోజుల్లో నా వణుకు తగ్గింది.

శుక్రవారం అతన్ని మసీదులో నిలదీశారు. అక్కడ అబద్ధం ఆడలేక మా ఇంటికోసం తెచ్చానని చెప్పాడు. ఆ సాయంత్రం మసీదు పెద్దలు ఇద్దరు మా అరుగు దగ్గరికి వచ్చారు.

"అయ్యగారూ, ఆ సీసా తమరింటికి తెచ్చానంటున్నాడు. తమరు అవునంటే చాలు, మేం వెళ్ళిపోతాం."

నేను లోపల మంచంమీద ఉన్నాను. గ్లాసు చేతిలోనే ఉంది.

"మా ఇంటికా? ఏం మాటయ్యా అది!" అన్నారు మామగారు. కాదనలేదు చూడండి, అడిగారంతే. అబద్ధం ఆడలేదన్న ధీమాతో సంధ్య వార్చుకుని, మజ్జిగన్నం దాకా తృప్తిగా భోంచేశారు. నేనొక్క కేక వేస్తే సరిపోయేది. గొంతు బాగానే ఉంది, వేడినీళ్ళు ఆలస్యమైతే పెరట్లోకి వినపడేలా అరిచేదాన్ని. చెవుల్లో దూది ఉందిగా, నాకేం వినపడలేదని మా ఆయనతో చెప్పాను. ప్రతి అక్షరం వినపడింది.

మర్నాడు తెల్లవారుజామున అజాన్ వేరే గొంతులో వచ్చింది. సన్నటి గొంతు, మధ్యలో తడబడింది. పొయ్యి దగ్గర అత్తగారు గొట్టం పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయారు. తర్వాత ఊదడం మొదలుపెట్టారు. సాయిబు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. గోడ అవతల దూదేకే విల్లు చప్పుడు మాత్రం, ఇదివరకు నమాజు వేళకి ఆగేది, ఇప్పుడు ఆగకుండా వినపడేది.

మూడు వారాలకి సీసా అయిపోయింది. నిజం చెప్పాలంటే అప్పటికి నాకు ఏ జబ్బూ లేదు. ఆ వెచ్చదనానికీ, ఆ మొద్దునిద్రకీ అలవాటుపడ్డాను. ఇంకా చలిగానే ఉందన్నాను. ఈసారి ఎవర్ని పంపాలన్నది సమస్య అయింది. "అతని పేరు ఎలాగూ పోయిందిగా, మళ్ళీ అతన్నే పంపితే సరి" అన్నారు అత్తగారు.

సాయిబు వెళ్ళాడు. మిట్టమధ్యాహ్నం బస్సు దిగి, సీసా చేత్తో పట్టుకుని, ఊరి నడివీధిన నడిచి మా పెరట్లోకి వచ్చాడు. అత్తగారు హడలిపోయారు.

"అదేంటి సాయిబూ, అలా పట్టుకొచ్చావ్? ఎవరైనా చూస్తే?"

"చూస్తే ఏముందమ్మగారూ, నాకోసమే అనుకుంటారు" అన్నాడు. గుమ్మంలో ఉన్న నావైపు తిరిగి, "తాగు తల్లీ, ఒళ్ళు గట్టిపడాలి" అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు. ఉన్నా బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేదాన్ని.

ఈ సంగతి ఇప్పటికి చాలామందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆ "పేరు ఎలాగూ పోయిందిగా" అన్న మాట అత్తగారి నోట్లోనే పెట్టాను. ఇందాక మీకూ అలాగే చెప్పాను. ఆవిడ పోయారు, కాదనడానికి లేరు. ఆరోజు ఆవిడ అన్నది వేరు: "వద్దమ్మాయ్, పాపం, అతన్ని ఇంక అడగొద్దు."

పేరు పోయిందిగా అన్నది నేను. అని, ఆ రెండో సీసా కూడా అడుగుదాకా తాగాను.